రెండు పిన్నులు నూకితే రెండు ముక్కలు: స్టోనర్ ముచ్చట

తుపాకీ అంటే నాకు మా దిక్కు బ్యాంకు గేటు కాడ కుర్చీల కూసొని కునుకు తీసే వాచ్‌మన్, ఆయన ఒళ్లె అడ్డం పెట్టుకున్న డబుల్ బ్యారెలు. గంతే. చేతితోని ముట్టింది లేదు, ముట్టాలని మనసైంది లేదు. అసొంటి నేను రెండేండ్ల కింద అమెరికల బిడ్డ ఇంటికి పోయి, సోఫా ముంగట కింద కూసొని ఒక రైఫిల్‌ను విప్పిన, మల్ల బిగించిన. ఇప్పటిదాంక ఈ ముచ్చట ఇక్కడ ఎవ్వరికీ చెప్పలే. భయపడి కాదు, సిగ్గుపడి. ఆ తుపాకీ నాకు నచ్చింది. గదే సిగ్గు.

నేను ఫిట్టర్‌ను. ఐటీఐ అయినంక బాలానగర్‌ల ఒక షెడ్డుల చేరిన. ముప్పై నాలుగేండ్లు లేత్ ముంగట, మిల్లింగ్ మిషన్ ముంగట నిలవడ్డ. విమానాల పార్టులు చేసే పెద్ద కంపెనీలకు మేము చిన్న చిన్న జాబ్ వర్కులు చేసేటోళ్లం. 7075 అనే అల్యూమినియం రకం ఉంటది. తేలికగ ఉంటది గని గట్టితనంల మామూలు ఉక్కుకు తీసిపోదు. ధర చూస్తే మాత్రం కండ్లు తిరుగుతయి. ఒక్క బిల్లెట్ ఖరాబ్ చేస్తే మా సేటు వారం దాంక మొఖం చూడకపోయేది. అల్లుడు బల్ల మీద పెట్టిన తుపాకీ బాడీ అంత గదే 7075. చేతుల పట్టుకోంగనే నాకు తెలిసిపోయింది.

అల్లుడు సాఫ్ట్‌వేర్ పిలగాడు. నెమ్మది మనిషి, చీమకు గూడ హాని చెయ్యడు. అక్కడి పౌరసత్వం వచ్చిన మరుసటి యాడాది కొన్నడట. దాని పేరు ఏఆర్-15. సెమీ ఆటోమేటిక్. అంటే ట్రిగ్గర్ ఒక్కసారి నొక్కితే ఒక్కటే తూటా, తర్వాతి తూటాను అదే ఎక్కించుకొని తయారుగుంటది. పైభాగం ఒకటి, కిందిభాగం ఒకటి. రెండిటినీ రెండు పిన్నులు పట్టుకొని ఉంటయి. వేలుతోని నూకితే పిన్ను పక్కకు జరుగుతది. రెండూ నూకితే తుపాకీ రెండు ముక్కలు. అల్లుడు బీరువాలకెళ్లి ఇంకో పైభాగం తెచ్చిండు. దాని గొట్టం వేరు, తూటా సైజు వేరు. దాన్ని అదే కిందిభాగం మీద కూసోవెట్టి పిన్నులు నూకిండు. నిమిషం గూడ కాలే, చేతుల ఇంకో తుపాకీ ఉన్నది.

సికింద్రాబాద్ సీటీసీకి పోయి, బోర్డు ఒక దుకాణంల, ర్యామ్ ఒక దుకాణంల, క్యాబినెట్ ఇంకో దుకాణంల కొని ఇంట్ల కంప్యూటర్ బిగిచ్చుకునేటోళ్లను చూసిన్రు గద? గిది గట్లనే. చేతిపిడి ఒక కంపెనీది, గొట్టం ఒక కంపెనీది, వెనక బట్టు ఒకరిది, ట్రిగ్గర్ ఒకరిది. అన్నీ పోస్టుల ఇంటికే వస్తయి. ఏది కొన్నా అందుల కూసుంటది, ఆకురాయి పట్టే పని లేదు. మా పనిల ఈ మాటకు మస్తు విలువ. ఒకడు చేసిన షాఫ్టు ఇంకొకడు చేసిన బేరింగ్‌ల సుత్తెదెబ్బ లేకుంట కూసుంటే గది పండుగ. ముప్పై నాలుగేండ్లల నేను ఆ పండుగ ఎన్నిసార్లు చేసుకున్ననో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. గందుకే నచ్చింది. దాని వెనక ఒక మిషన్ పనోని చెయ్యి కనవడ్డది. ఆ చెయ్యి ఎవరిదని ఆ రాత్రి ఎతుకుడు మొదలువెట్టిన. యూజీన్ స్టోనర్.

1922 నవంబర్ 22 నాడు ఇండియానా రాష్ట్రం గోస్పోర్ట్ అనే చిన్న ఊర్ల పుట్టిండు. చిన్నగున్నప్పుడే ఇంటోళ్లు కాలిఫోర్నియాకు మారిన్రు, లాంగ్ బీచ్‌ల హైస్కూలు చదివిండు. ఇంజినీరింగ్ పట్టా లేదు. బడి అయినంక వేగా అనే విమాన కంపెనీల చేరి విమానాలకు ఆయుధాలు బిగించే పని చేసిండు. అంతల రెండో ప్రపంచ యుద్ధం. మెరైన్ దళంల చేరితే అక్కడ గూడ విమానాల ఆయుధాల పనే ఇచ్చిన్రు. దక్షిణ పసిఫిక్, ఉత్తర చైనా తిరిగొచ్చిండు. యుద్ధం అయినంక విట్టేకర్ అనే విమాన పరికరాల కంపెనీ మిషన్ షాపుల చేరి, అక్కడికెళ్లి డిజైన్ ఇంజినీరు దాంక ఎదిగిండు. చెయ్యి ముందు నేర్చుకున్నది, కాగితం తర్వాత.

(మా షెడ్డుల గూడ గిసొంటాయన ఒకాయన ఉండె. ఏడో తరగతి. డ్రాయింగ్ మీద కన్ను పడంగనే తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపెట్టేది. జీతం మాత్రం పట్టా ఉన్న పిలగాని కన్న సగం. అది వేరే ముచ్చట, ఇంకోసారి.)

అప్పట్ల ఫెయిర్‌చైల్డ్ అనే విమాన కంపెనీ కింద ఆర్మలైట్ అని ఒక చిన్న విభాగం పెట్టిన్రు. హాలీవుడ్‌ల చిన్న షాపు, కొద్దిమంది మనుషులు. దాని పెద్ద జార్జ్ సలివన్, లాక్‌హీడ్ కంపెనీల పేటెంట్ల వకీలు. విమానాలకు వాడే అల్యూమినియం, ఫైబర్ గ్లాసు, ప్లాస్టిక్ తుపాకులకు ఎందుకు పనికిరావు, ఇంకా ఎన్నాళ్లు చెక్క, ఉక్కు మోసుకుంట తిరగాలె, గిది ఆయన ఆలోచన. షూటింగ్ రేంజి కాడ స్టోనర్ తన సొంత తుపాకీని పేల్చి చూసుకుంటుంటే సలివన్ కండ్లల్ల పడ్డడు. 1954ల స్టోనర్ ఆర్మలైట్‌ల చీఫ్ ఇంజినీరు అయిండు. ఏఆర్ అంటే ఆర్మలైట్ రైఫిల్, అంతే. అసాల్ట్ రైఫిల్ అని చానమంది అనుకుంటరు, అది తప్పు.

మొదట్ల చేసిన వాటిల ఏఆర్-5 అని ఒకటున్నది. విమానం కూలి అడవిలనో సముద్రంలనో పడ్డ పైలట్ కోసం చేసింది. విప్పి ముక్కలన్నీ వెనక బట్టుల దాచిపెట్టొచ్చు, నీళ్లల్ల పడితే తేలుతది. విప్పుడు, బిగించుడు అనే సోకు అప్పటికెళ్లే ఉన్నట్టు నాకు కనవడ్డది.

అసలు పని ఏఆర్-10. ఇక్కడ జర ఆగి చెప్పాలె.

తూటా పేలినప్పుడు గొట్టంల పుట్టే గ్యాసును కొంచెం పక్కకు తీసి, ఆ జోరుతోని ఖాళీ తొడుగును బయటికి పడేసుడు, కొత్త తూటాను ఎక్కించుడు అప్పటికే పాత విద్య. అప్పటి రైఫిళ్లల్ల గ్యాసు ఒక ఉక్కు రాడ్డును నూకేది. ఆ రాడ్డు గొట్టం పక్కన ముందుకు వెనక్కి కొట్టుకుంట ఉండేది. స్టోనర్ ఆ రాడ్డునే తీసేసిండు. సన్నటి నాళంల గ్యాసును వెనకకు తెచ్చి, బోల్టు కూసునే క్యారియర్ లోపట విప్పారేటట్టు చేసిండు. అంటే బోల్టే పిస్టన్, క్యారియరే సిలిండర్. కొట్టుకునే బరువంత గొట్టం ఏ గీతల ఉన్నదో గదే గీతల ఉంటది. వెనక బట్టు గూడ ఆ గీతలనే. గందుకే పేలినప్పుడు మూతి ఎక్కువ పైకి లేవది, దెబ్బ సీద భుజానికి వస్తది. రెండో తూటాకు మల్ల గురి వెతుక్కునే పని తక్కువైతది.

ఇంకోటి. బోల్టు మొనకు పండ్లుంటయి. అది తిరిగి, గొట్టం వెనక బిగించిన ఉక్కు ముక్కల లాకైతది. పేలుడు దెబ్బ ఉక్కుకు, ఉక్కుకు నడుమనే ఆగుతది, బయటి బాడీ మీద భారం పడది. భారం పడకుంటే బాడీ ఉక్కుతోనే ఉండాలని ఏమున్నది? గట్ల అల్యూమినియం వచ్చింది. ఈ లాకు పద్ధతి మెల్విన్ జాన్సన్ అనేటాయన రైఫిల్‌ల ముందే ఉండె, స్టోనర్ దాన్ని తెచ్చి సరైన జాగల పెట్టిండు. గ్యాసు పద్ధతికి 1956ల పేటెంట్ అడిగిండు, 1960ల చేతికొచ్చింది. అప్పటి అమెరికా సైన్యం రైఫిళ్లు నాలుగు కిలోల పైన తూగుతుంటే, ఈయన అదే తూటాను మూడు కిలోల కొంచెం పైన ఉన్న తుపాకీతోని పేల్చి చూపెట్టిండు.

గని సైన్యం పరీక్షల దెబ్బ తిన్నది. 1957 మొదట్ల స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధశాలల తూటాలు పేల్చుకుంట పోతుంటే గొట్టం పగిలింది. ఆ గొట్టం అల్యూమినియం తొడుగు వేసిన సన్నటి ఉక్కుది. అది వద్దు, సాదా ఉక్కు గొట్టమే పెడదామని స్టోనర్ ముందే మొత్తుకున్నడు. బరువు ఇంకింత తగ్గియ్యాలని పట్టువట్టింది సలివన్. వకీలు మాట గెలిచింది, గొట్టం పగిలింది. షాపుల పనిచేసినోళ్లకు ఈ కథ కొత్తది కాదు. సైన్యం ఏఆర్-10ను పక్కనవెట్టి ఎం14ను తీసుకున్నది.

అదే యేడు విల్లర్డ్ వైమన్ అనే జనరల్ వచ్చి చిన్న తూటాకు తేలికైన రైఫిల్ కావాలని అడిగిండు. ఏఆర్-10ను చిన్నగ చేసే పని రాబర్ట్ ఫ్రెమాంట్, జేమ్స్ సలివన్ అనే ఇద్దరు చేసిన్రు. ఈ సలివన్ వేరే, వకీలు కాదు. గట్ల పుట్టింది ఏఆర్-15. పేరు స్టోనర్‌దే అయినా ఆ ఇద్దరి చేతులు అందుల ఉన్నయి. అది గూడ చెప్పకపోతే తప్పు. ఇంతల ఫెయిర్‌చైల్డ్‌కు పైసల తక్లీఫ్ వచ్చి, 1959ల డిజైన్ హక్కులన్నీ కోల్ట్ కంపెనీకి 75 వేల డాలర్లకు, మీద రాయల్టీకి అమ్మేసింది. ఆ రైఫిల్ తర్వాత ఎన్ని దేశాలు తిరిగిందో తెల్సినోళ్లకు గది చిల్లర బేరం. స్టోనర్ 1961ల ఆర్మలైట్ ఇడిసిపెట్టిండు.

ఆ తర్వాత పుచ్చకాయల కథ. 1960 జులై 4 నాడు ఒక తోటల దావతు. వైమానిక దళంల రెండో పెద్ద కర్టిస్ లిమే వచ్చిండు. ఏఆర్-15 చేతికిచ్చి పుచ్చకాయలు పెట్టిన్రు. రెండింటిని పేల్చిండు, పగిలిన తీరు చూసి ఖుష్ అయిండు. మూడోదాన్ని కోసుకొని తిన్నరంట. వైమానిక దళం గిట్ల కొన్నది, రక్షణ మంత్రి మెక్‌నమారా 1963ల ఎం14ను ఆపిండు, సైన్యానికి, వైమానిక దళానికి కలిపి లక్ష పైన ఆర్డర్ పోయింది. ఏఆర్-15 పేరు ఎం16 అయింది. ఒక దేశం సైన్యం చేతుల ఏ తుపాకీ ఉండాలె అనేది పుచ్చకాయ కాడ సగం తేలిందంటే నవ్వాల్నో ఏడ్వాల్నో తెలుస్తలేదు.

వియత్నాంల ఏడ్పే అయింది. స్టోనర్ ఒక రకం మందుకు లెక్కగట్టి రైఫిల్ చేస్తే, సైన్యమోళ్లు 1964ల తూటా మందును మార్చిన్రు. కొత్త మందుతోని రైఫిల్ జోరు పెరిగింది, లోపట మసి పెరిగింది. తూటా కూసునే గదికి క్రోమ్ పూత వెయ్యలే, వియత్నాం చెమ్మకు తుప్పు పట్టింది. సాఫ్ చేసే సామాను సరిగ పంపలే. దీన్ని సాఫ్ చేసుడే అక్కరలేదని గూడ సిపాయిలకు మాట పోయింది. యుద్ధం నడుమ తుపాకులు పట్టేసుకున్నయి. ఇరుక్కున్న తొడుగును తీయనీకి గొట్టంల రాడ్డు వెట్టుకుంట పోరగాండ్లు సచ్చిన్రు. 1967ల ఐకార్డ్ అధ్యక్షతన పార్లమెంటు కమిటీ కూసున్నది. స్టోనర్ పోయి సాక్ష్యం చెప్పిండు. మందు మార్చే ముచ్చట తనను అడిగింది నిర్ణయం అయిపోయినంకనే అని చెప్పిండు. కమిటీ తప్పు సైన్యం పెద్దల మీదనే పెట్టింది, నేరం దాంక పోయిన నిర్లక్ష్యం అని రాసింది. తర్వాత క్రోమ్ వేసిన్రు, మందు సరిచేసిన్రు, సాఫ్ చేసుడు నేర్పిన్రు. రైఫిల్ నడిచింది.

ఈ భాగం చదివినంక నాకు స్టోనర్ మీద ప్రేమ ఎక్కువైంది. చేసినోడు ఒకడు, దాన్ని ఆగం చేసినోడు ఇంకొకడు, పేరు మాత్రం చేసినోనికి. గని ఆ ప్రేమను నేను ఎక్కువ దూరం తీసుకపోదలుచుకోలే. ఎందుకో ముంగట చెప్త.

కోల్ట్‌కు పోయిన రైఫిల్ మీద పని నడుస్తుండంగనే స్టోనర్ క్యాడిలాక్ గేజ్ అనే కంపెనీల ఇంకో రైఫిల్ చేసిండు. దాని పేరు స్టోనర్ 63. ఆయన తలల ఉన్న అసలు కల గిదే. ఒక్కటే బాడీ. గొట్టం, ఇంకొన్ని పార్టులు మార్చుకుంటే అదే రైఫిల్, అదే కార్బైన్, అదే మిషన్ గన్. బెల్టు తూటాలకు గూడ అదే. మార్చనీకే పుట్టిన తుపాకీ. నేవీ సీల్ దళం ఇష్టంగ వాడింది. గని మామూలు సైన్యానికి అది మస్తు నాజూకు, మస్తు పార్టులు. తీసుకోలే. మార్చుకోవాలని ఆయన కూసొని గీసిన తుపాకీ సైన్యం బీరువాల ఆగిపోయింది. సాఫ్ చేసే సిపాయికి తొందరగ విడిపోవాలని రెండు పిన్నులు పెట్టిన తుపాకీ మాత్రం లోకంల అందరికన్న ఎక్కువ మార్పులు చేసుకునే తుపాకీ అయి కూసున్నది. ఏది ఏమైతదో చేసినోనికి గూడ తెలువదు.

అది ఎట్లయిందంటే, మాయ ఏం లేదు. కోల్ట్ కంపెనీ 1964ల సెమీ ఆటోమేటిక్ రకాన్ని స్పోర్టర్ అని పేరువెట్టి మామూలు జనానికి అమ్ముడు మొదలువెట్టింది. మొదట్ల వేటగాండ్లు దాన్ని చూసి నవ్విన్రు, చెక్క లేని తుపాకీ ఏంది, ప్లాస్టిక్ బొమ్మ లెక్కున్నదని. 1977ల స్టోనర్ పేటెంట్ గడువు అయిపోయింది. ఇగ ఎవరైనా చేసుకోవచ్చు. సైన్యం కొలతలు ముందే పక్కాగ ఉన్నయి. ప్రతి రంధ్రం ఎక్కడుండాలె, ఎన్ని థౌలు అటిటు పోవచ్చు అన్నీ రాసిపెట్టినయే. ఒక్క డ్రాయింగ్‌ను పట్టుకొని వంద షెడ్లు పార్టులు చేస్తే ఏమైతది? అన్నీ అన్నిటికీ పడతయి. 1995ల పికాటినీ రైలు అని పండ్ల పట్టీ కొలత గూడ పక్కా అయింది. దూర్బీను, టార్చిలైటు, చేతిపిడి ఏదైనా దాని మీద బిగిచ్చుకోవచ్చు. ఎడమచేతోళ్లకు ఒక తీరు, పొట్టి చేతులోళ్లకు ఇంకో తీరు. పంది వేటకు ఒక గొట్టం, పోటీకి ఒక గొట్టం. దెబ్బ తక్కువ గాబట్టి ఆడోళ్లకు, ముసలోళ్లకు గూడ అల్కగ ఉంటది. మా దిక్కు పోరగాండ్లు బుల్లెట్ బండికి సైలెన్సర్, హ్యాండిల్, సీటు మార్చుకొని నా బండి అని తిరుగుతరు సూడున్రి, ఆ సోకే గిది. 2009 కాడ తుపాకుల వ్యాపారుల సంఘం దీనికి మోడ్రన్ స్పోర్టింగ్ రైఫిల్ అని పేరు వెట్టింది. అమెరికల గిసొంటివి 2 కోట్ల పైన ఉన్నయని గా సంఘమే లెక్క చెప్తది.

చట్టం గూడ దీనికి కలిసొచ్చింది. అమెరికల నంబరు కొట్టిన కిందిభాగమే తుపాకీ. పైభాగం, గొట్టం, ట్రిగ్గర్, బట్టు చట్టం లెక్కల ఉత్త పార్టులు. కిందిభాగం దుకాణంల కొంటే మనిషి చరిత్ర చూస్తరు, మిగిలినయి పోస్టుల వస్తయి. దుకాణంల పిస్తోలు కొననీకి 21 ఏండ్లు కావాలె, రైఫిల్‌కు కేంద్ర చట్టం ప్రకారం 18 చాలు. 1994ల కొన్ని రకాల మీద నిషేధం పెట్టిన్రు, పదేండ్లకు గడువు అయిపోయి 2004ల పోయింది. నిషేధం నడిచిన పదేండ్లు కంపెనీలు బట్టును, మూతిని జర మార్చి అమ్మినయి. పార్టులు మార్చుకునే తుపాకీకి పార్టుల పేరు పెట్టి నిషేధం వేస్తే ఏమైతదో ఫిట్టర్‌ను అడిగినా చెప్తడు.

స్టోనర్ కథకు మల్ల వస్త. 1972ల ఆరెస్ అనే కంపెనీ పెట్టుకున్నడు. ఫిరంగులు, మిషన్ గన్నులు, ఏదో ఒకటి గీస్తనే ఉన్నడు. పేరు మీద వంద దాంక పేటెంట్లు. 1990 మే నెలల అమెరికల ఒక కలయిక అయింది. స్మిత్‌సోనియన్ మ్యూజియం తుపాకుల పండితుడు ఎడ్వర్డ్ ఎజెల్ పిలిపిస్తే, సోవియట్ దేశంకెళ్లి మిఖాయిల్ కలష్నికోవ్ వచ్చిండు. ఏకే-47 చేసినాయన. ఇరవై ఏండ్లు వియత్నాంల, ఇంకెక్కడెక్కడనో ఒకరి తుపాకీ ఎదురుంగ ఇంకొకరి తుపాకీ నిలవడ్డది. ఇద్దరు ముసలోళ్లు పక్కపక్కన నిలవడి, ఒకరిది ఒకరు పట్టుకొని పేల్చి చూసుకున్నరు. ఇద్దరూ కాలేజీ చదవనోళ్లు, ఇద్దరూ చేతిపనికెళ్లి వచ్చినోళ్లే. ఒక్కటే తేడా. స్టోనర్‌కు రాయల్టీలు వచ్చినయి, సొంత విమానం నడుపుకునేటంత. కలష్నికోవ్‌కు పతకాలు, సర్కారు పింఛను. నాకు ఈ బొమ్మ మస్తు సార్లు కండ్లల్ల తిరుగుతది. ఇద్దరు మంచి ఫిట్టర్లు. వాళ్ల చేతిపనితోని పోయిన పానాలు ఎన్నో లెక్క ఎవరి కాడా లేదు.

ఆఖరి ఏండ్లల్ల నైట్స్ ఆర్మమెంట్ అనే కంపెనీల చేరి, పాత ఏఆర్-10ను మల్ల ముంగటేసుకున్నడు. ఏఆర్-10, ఏఆర్-15 కలిపి 25 అని ఎస్ఆర్-25 అన్నరు. మనకు దగ్గరి సంగతి ఒకటి చెప్త: మన భారత సైన్యం 2019ల 72,400 సిగ్ 716 రైఫిళ్లకు ఆర్డర్ ఇచ్చింది.  దాని ఒళ్లు ఏఆర్-10 ఒళ్లే. సరిహద్దుల ఉన్న మన పిలగాండ్ల చేతుల గూడ ఆయన గీత ఉన్నది. స్టోనర్ 1997 ఏప్రిల్ 24 నాడు ఫ్లోరిడాల పామ్ సిటీల పోయిండు. 74 ఏండ్లు. వర్జీనియాల క్వాంటికో సిపాయిల శ్మశానంల పెట్టిన్రు.

ఆయన పోయినంక 2012 డిసెంబర్ల శాండీ హుక్ బడిల 20 మంది చిన్న పిల్లలు, ఆరుగురు పెద్దోళ్లు. 2022 మేల ఉవాల్డె బడిల 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. రెండు జాగలల్ల ఆయన గీసిన రకమే. ఉవాల్డెల ఆ పోరగాడు 18 నిండంగనే దుకాణానికి పోయి కొన్నడు. 2016ల ఆర్లాండోల హత్యాకాండ అయినప్పుడు స్టోనర్ పిల్లలు ఒక టీవీ ఛానల్‌కు చెప్పిన్రు. మా నాయిన దాన్ని సైన్యం కోసమే చేసిండు, ఇంట్ల ఎన్నడూ పెట్టుకోలే, ఇదంత చూస్తే తట్టుకోకపోవు అన్న అర్థంల. ఆయన వేటకు పోయేటోడే, పోటీలల్ల పేల్చేటోడే, గని ఈ తుపాకీతోని కాదు.

బిడ్డలు తండ్రి గురించి చెప్పిన మాటను నేను కాదనను. కాకపోతే లెక్క చూస్తే ఇంకోటి గూడ కనవడ్తది. స్పోర్టర్ దుకాణాలల్లకు వచ్చింది 1964ల, ఆయన పోయింది 1997ల. ముప్పై మూడేండ్లు అది ఆయన కండ్ల ముంగటనే జనానికి అమ్ముడువోయింది. తెలువకుంట జరిగిందంటే నేను నమ్మ. నా పని డ్రాయింగ్ ప్రకారం చేసుడు, తర్వాత సంగతి నాకెందుకు అని మేము షెడ్లల్ల రోజుకు పదిసార్లు అనుకునేదే. ఆయన గూడ గట్లనే అనుకొని ఉంటడు. మనసున్నోడు కాదని అంటలేను. మనసున్నోళ్లు గూడ గట్లనే బతుకుతరు అంటున్న.

నా బిడ్డ సంగతి చెప్పాలె ఇగ. 2023 మే 6 నాడు టెక్సాస్‌ల ఆలెన్ ఊరి షాపింగ్ మాల్‌ల ఒకడు గిసొంటి రైఫిల్‌తోనే ఎనిమిది మందిని సంపిండు. అందుల ఒకామె మన తెలంగాణ ఆడపిల్ల, ఇంజినీరు. మా బిడ్డ ఇల్లు అక్కడికి కారుల ఇరవై నిమిషాలు. పిల్లల బట్టలకు ఆ మాల్‌కే పోయేటోళ్లు. ఆ రోజు పోలే, అంతే. ఇక్కడ మేము పొద్దున లేచి టీవీల ఆలెన్ పేరు చూసి ఫోను కొడితే, బిడ్డ ఎత్తేదాంక ఎంతసేపైందో మా ఇంటామె ఇప్పటికీ చెప్తది.

ఆ రోజు సంది ఇంట్ల లొల్లి. గిసొంటోడు వస్తే మన కాడ గూడ ఉండాలె గద అని అల్లుడు. గిసొంటిది ఇంట్ల ఉండొద్దని బిడ్డ. ఇద్దరిదీ ఒక్కటే భయం, అది రెండు దిక్కులకు గుంజుతున్నది. నేను పోయినప్పుడు బిడ్డ నన్ను అడిగింది, మీ అల్లునికి మీరన్న చెప్పున్రి నాయినా అని. చెప్త అన్న.

చెప్పలే. ఆ సాయంత్రమే అల్లుడు బల్ల మీద పెట్టి చూపెట్టిండు, నేను 7075 చూసి మురిసిపోయిన. బోల్టు పండ్లు వేళ్లతోని తడిమిన. గేజి లేదు గని, కన్నుతోనే ఫిట్టింగ్ చూసి వహ్వా అన్న. ఏడేండ్ల మనుమడు వచ్చి నా మోకాలు మీద వాలి చూస్తున్నడు. తాతా, ఇదెట్ల విడిపోతది అన్నడు. మొదటి పిన్ను నేను నూకిన. రెండోదానికి వాని వేలు పట్టుకొని పెట్టిన. కష్టం లేకుంట జరిగింది. వాడు చప్పట్లు కొట్టిండు. వంటింటి తలుపు కాడ బిడ్డ నిలవడి ఉన్నది, ఎంతసేపటి సంది ఉన్నదో నేను చూడలే.

ఏమనలే. అన్నానికి రమ్మన్నది.

మొన్న ఫోను చేసింది. ఇనుప డబ్బా కొన్నరంట, తాళంచెవి తన కాడనే ఉంటదంట, గండ్ల అల్లుడు ఒప్పుకున్నడంట. మల్ల దసరా అయినంక రమ్మంటున్నరు. మనుమడు ఫోను గుంజుకొని, తాతా, ఈసారి బోల్టు గూడ విప్పుదామా అని అడిగిండు. పక్కన బిడ్డ ఊపిరి వినవడుతున్నది. నాకు జవాబు రాలే.